స్కూల్లో కరాటే క్లాసు మొదలుపెట్టే కొత్త మాస్టారికి: పాఠం, పోటీ, బెల్టులు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. నీకు బ్లాక్ బెల్ట్ వచ్చి రెండేళ్ళయింది. ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలు వారానికి మూడు రోజులు కరాటే నేర్పమని పిలిచింది. మూడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా 60 మంది పిల్లలు, నేర్పేది నువ్వొక్కడివే. రెండు నెలల్లో జిల్లా టోర్నమెంట్ ఉంది. యానివర్సరీకి పెంకులు పగలగొట్టే డెమో పెట్టమని ప్రిన్సిపాల్ గారు అడుగుతున్నారు. తల్లిదండ్రులు అప్పుడే బెల్టుల గురించి అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, పిల్లల్ని పోటీకి దించాలా, నువ్వు సొంతంగా పోటీలు ఆడటం ఆపేయాలా అన్నవి నీ ప్రశ్నలు.

బ్లాక్ బెల్ట్ వచ్చిందంటే నీకు కరాటే చేయడం వచ్చని. నేర్పడం వేరే పని, దాన్ని మళ్ళీ వైట్ బెల్ట్ నుంచి మొదలుపెట్టాలి. నా దగ్గరికి వచ్చే కొత్త మాస్టర్లందరికీ నేను చెప్పేది ఒకటే: క్లాసులో చివరి వరుసను చూసి నేర్పు. ముందు వరుసలో నిలబడే చురుకైన నలుగురు పిల్లలు ఎవరు నేర్పినా నేర్చుకుంటారు, వాళ్ళను చూసి మన పాఠం బాగుందనుకుంటే పొరపాటు. వెనకాల బెరుగ్గా నిలబడి పక్కవాణ్ణి చూసి చెయ్యి ఎత్తే పిల్లాడు మూడు నెలల తర్వాత కూడా క్లాసుకు వస్తున్నాడా, దెబ్బలు లేకుండా వస్తున్నాడా అన్నదే నీ నేర్పుకు కొలత. డెమో, టోర్నమెంట్, బెల్టు ఏ విషయంలోనైనా ఈ పిల్లాణ్ణి గుర్తుపెట్టుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

అసలు కరాటే స్కూళ్ళలోకి వచ్చిందే ఇలాంటి ఆలోచనతో. 1900ల మొదట్లో ఒకినావాలో ఇతోసు అంకో బడిపిల్లలకు కరాటే పెట్టించారు. పెద్దల కటాలు (ఒంటరిగా ఒక క్రమంలో చేసే అడుగులు, దెబ్బలు) పిల్లలకు కష్టమని వాళ్ళ కోసం ఐదు పినాన్ కటాలు కూర్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఫునాకోషి గిచిన్ స్వయంగా బడిపంతులు. ఆయన వాటికే హెయాన్ అని పేరు పెట్టారు. ఈ రోజు ఫునాకోషి బాణీ అయిన షోటోకాన్‌లో వైట్ బెల్ట్ పిల్లలు చేసే మొదటి కటా హెయాన్ షోదాన్ అలా వచ్చిందే. పిల్లలకు తగ్గట్టు విద్యను మార్చడం తక్కువ పనేమీ కాదు, మన గురువుల గురువులు చేసిన పని అది.

ఇక అసలు పనికి వద్దాం. 60 మందిని ఒక్కసారే తీసుకోకు. మూడు నుంచి ఐదు ఒక బ్యాచ్, ఆరు నుంచి తొమ్మిది ఒక బ్యాచ్ చెయ్యమని స్కూలును అడుగు. పీరియడ్లు కుదరవంటే నువ్వు నేర్చుకునే డోజో (కరాటే బడి) నుంచి ఒక బ్రౌన్ బెల్ట్ కుర్రాణ్ణి తెచ్చుకో, అతనికి నీ జీతంలోంచి కొంత ఇవ్వాల్సి వచ్చినా సరే. మొదటి రోజే ప్రతి పిల్లకూ ఒక కాగితం పంపించు: ఇంటి ఫోన్ నంబరు, ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, పాత ఫ్రాక్చర్ లాంటివి ఏమైనా ఉన్నాయా, తల్లో తండ్రో సంతకం. ఆస్తమా ఉన్న పిల్ల ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, నీ చేతికి అందే చోట ఉండాలి. నీళ్ళు అడిగితే ఇవ్వకపోవడం క్రమశిక్షణ అనుకునే పాత అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. మన ఎండల్లో అది ప్రమాదం. పావుగంటకోసారి నువ్వే ఆపి తాగించు.

గంట క్లాసులో చాలామంది కొత్త మాస్టర్లు చేసేది నాకు తెలుసు. వరుసల్లో నిలబెట్టి ఇచ్, నీ, సాన్, షి అని జపనీస్‌లో లెక్కపెడుతూ గాల్లో పంచ్‌లు వేయించడంతోనే నలభై నిమిషాలు అయిపోతాయి. పిల్లలకు చేతులు నొప్పెడతాయి తప్ప, ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో, ఎప్పుడు లోపలికి వెళ్ళాలో ఏమీ తెలియదు. అలా ఆరు నెలలు నేర్చుకున్న పిల్లాణ్ణి మొదటిసారి స్పారింగ్‌లో, అంటే ఎదుటి మనిషితో తలపడే సాధనలో దింపితే కళ్ళు మూసుకుని చేతులు ఊపుతాడు. తప్పు పిల్లాడిది కాదు, దూరం అనేది అతనికి ఎవరూ నేర్పలేదు.

నా క్లాసుల్లో మొదటి రోజు నుంచే దూరం నేర్పుతాను, అదీ ఆటతో. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. అరచేత్తో అవతలివాడి మోకాలు తాకాలి, తన మోకాలు తాకనివ్వకూడదు. పట్టుకోవడం, తోయడం లేదు. అలా ముప్పై సెకన్లు ఆడాక జత మారుతుంది. రెండో వారం మోకాలికి బదులు భుజం. మూడో వారం బట్టల క్లిప్పులు తీసుకురా. ఒక్కొక్కరి డ్రెస్సుకు భుజం మీద ఒకటి, నడుము దగ్గర ఒకటి తగిలించు. అవతలివాడి క్లిప్పు లాగి, వెంటనే వెనక్కి జరగాలి. లాగాక అక్కడే నిలబడిపోయిన పిల్లాడి క్లిప్పు అవతలివాడు లాగేస్తాడు. కొట్టాక బయటికి రావాలన్న సంగతి ఏ ఉపన్యాసమూ లేకుండా ఒంటికి పట్టేస్తుంది. చివరి వరుస పిల్లాడు కూడా ఇక్కడ నవ్వుతూ ఆడతాడు, ఎందుకంటే తప్పు చేస్తే అందరూ చూస్తారన్న భయం ఉండదు. పరుగుపందెంలో వెనకబడే లావుపాటి పిల్లాడు ఈ ఆటలో గెలవడం చాలాసార్లు చూశాను, అడుగు ఎప్పుడు వెయ్యాలో పట్టేస్తాడు కాబట్టి.

ఆ తర్వాతే టెక్నిక్. ఒక క్లాసుకు ఒకటే. గ్యాకు జుకి (వెనక చేత్తో కొట్టే పంచ్) అనుకుంటే, వెనక కాలి నుంచి నడుము తిరగాలి, నడుము తిరిగాక చెయ్యి వెళ్ళాలి, కొట్టిన చెయ్యి అంతే వేగంగా వెనక్కి రావాలి. ఈ మూడింట్లో ఈ రోజు ఒక్కటే దిద్దు. పిల్లకు ఒకేసారి నాలుగు తప్పులు చెప్తే నాలుగూ మర్చిపోతుంది. గాల్లో పది చాలు, తర్వాత ప్యాడ్ మీద కొట్టించు. ప్యాడ్ పట్టేవాడు నిలబడిపోకుండా ఒక అడుగు ముందుకో వెనక్కో కదులుతూ ఉండాలి. చివరి పది నిమిషాలు కటా. అలసిన ఒంటికి అది కుదురునిస్తుంది, చిన్నపిల్లలు ఇంటికి ప్రశాంతంగా వెళ్తారు.

శిక్షగా గుంజీళ్ళు, కప్ప గంతులు, పిడికిళ్ళ మీద పుషప్‌లు పెట్టకు. ఎదిగే వయసులో, ముఖ్యంగా పది నుంచి పదిహేనేళ్ళ మధ్య, మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి చాలామంది పిల్లలకు వస్తుంది. గెంతులు ఎక్కువైతే అది పెరుగుతుంది. ఆ నొప్పి ఉందన్న పిల్లను బద్ధకస్తురాలు అనకు. గెంతే పని తగ్గించు, తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించమను. చెయ్యి బెణికినా విరిగిందేమోనని అనుమానం ఉన్నా, తోమడం, లాగడం ఎవరినీ చెయ్యనివ్వద్దు. బట్టలో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాలు పెట్టి, కదలకుండా కట్టి, ఎక్స్‌రేకు పంపు. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్న ఇళ్ళు చాలా ఉంటాయి, వాళ్ళతో వాదించకు, కానీ ముందు ఎక్స్‌రే తీయించమని గట్టిగా చెప్పు.

తలకు దెబ్బ తగిలితే మాత్రం ఏ మినహాయింపూ లేదు. క్లాసులోనైనా ఫైనల్లోనైనా, తలకు తగిలి పిల్లాడు తూలినా, మాట తడబడినా, తలనొప్పి అన్నా, ఏం జరిగిందో గుర్తులేదన్నా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. వాంతి, నొప్పి పెరగడం, నిద్రమత్తు కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి. 'నేను బాగానే ఉన్నాను సార్' అన్న పిల్లాడి మాట నమ్మకు, ఆడాలన్న ఆశతో అంటాడు. డాక్టరు సరేనన్నాక కూడా ముందు నడక, తర్వాత పరుగు, తర్వాత ప్యాడ్, చివర్లో స్పారింగ్, ఒక్కోదానికీ కనీసం ఒక రోజు తేడాతో.

ప్రిన్సిపాల్ గారి డెమో సంగతి. పెంకులు, ఐస్ దిమ్మలు, పొట్ట మీద నుంచి మోటార్‌సైకిల్ పోనివ్వడం, ఇవన్నీ మన దగ్గర యానివర్సరీల్లో చూస్తూనే ఉన్నాం. పిల్లల చేత ఇవి చేయించవద్దని నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో. పిల్లల చేతి ఎముకల చివర్లలో పెరిగే భాగం టీనేజీ చివరిదాకా పూర్తిగా గట్టిపడదు. అక్కడ దెబ్బ తగిలితే ఎముక వంకరగా పెరగవచ్చు, చప్పట్లు రెండు నిమిషాల్లో అయిపోతాయి. ప్రిన్సిపాల్ గారికి ఉత్తినే వద్దని చెప్తే ఒప్పుకోరు, ఇంకోటి చూపించు. అరవై మంది ఒకే లెక్కకు హెయాన్ షోదాన్ చేసి ఒకే గొంతుతో కియాయ్ (దెబ్బతో పాటు వేసే కేక) అరిస్తే హాలు దద్దరిల్లుతుంది. దాని తర్వాత ఇద్దరు అమ్మాయిలు, దారిలో ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకుని అరుస్తూ పరిగెత్తాలో చూపిస్తే తల్లులు ముందుకొచ్చి వాళ్ళ పిల్లల్ని చేర్పిస్తారు. ఇందులో చివరి వరుస పిల్లాడికీ స్టేజీ మీద చోటుంటుంది. పెంకుల డెమోలో నలుగురికే చోటు.

టోర్నమెంట్‌కు ఎవర్ని దించాలి? రెండు నెలల్లో కొత్త పిల్లల్ని కుమితేకు, అంటే ఎదురెదురుగా తలపడే పోటీకి సిద్ధం చేయడం కుదరదు. వాళ్ళను కటాలో దించు, అదీ అడిగినవాళ్ళను మాత్రమే. కుమితేకు ఇదివరకే ఎక్కడైనా ఏడాదికి పైగా నేర్చుకుని, గార్డులు వేసుకుని స్పారింగ్ అలవాటున్నవాళ్ళే సరి. మిగతావాళ్ళను ప్రేక్షకులుగా తీసుకెళ్ళు. ఒక రోజంతా కూర్చుని బౌట్లు చూసిన పిల్ల మరుసటి వారం క్లాసులో అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

పాయింట్ల లెక్క పిల్లలకు ముందే రావాలి. ప్రపంచ కరాటే సమాఖ్య రూల్స్‌లో పంచ్‌కు యుకో, 1 పాయింటు. ఒంటికి కిక్ తగిలితే వజారి, 2. తలకు కిక్, లేదా కిందపడేసి వెంటనే కొడితే ఇప్పోన్, 3. ఇది చెప్పగానే పిల్లలంతా తలకు కిక్ వేయాలని చూస్తారు. ఒక్క పాయింటు కోసం ఓపికపట్టడం నేర్పు. మంచి అడుగుతో వేసిన కిజామి జుకి (ముందు చేత్తో కొట్టే పంచ్), గ్యాకు జుకి రెండూ వచ్చిన పిల్ల జిల్లా స్థాయిలో చాలా బౌట్లు గెలుస్తుంది. నీ టోర్నమెంట్ ఏ సంఘం నడుపుతోందో, ఏ రూల్స్ వాడుతున్నారో, పిల్లల విభాగంలో బౌట్ ఎన్ని నిమిషాలో ముందే కాగితం మీద తెప్పించుకో. ఒక్కో సంఘానికి ఒక్కో లెక్క ఉంటుంది.

అదుపు గురించి చెప్పేటప్పుడు నేను ప్రతి బ్యాచ్‌కూ టోక్యో ఒలింపిక్స్ కథ చెప్తాను. 2021 ఆగస్టు 7న మగవాళ్ళ ప్లస్ 75 కిలోల ఫైనల్. సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేది 4-1తో ముందున్నాడు. అతను తలకు వేసిన కిక్‌కు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. అతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. కొట్టినవాణ్ణి మితిమీరిన దెబ్బకు డిస్‌క్వాలిఫై చేశారు, బంగారం స్పృహ తప్పినతనికి వెళ్ళింది. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ వాదనలున్నాయి. పిల్లలకు మాత్రం సంగతి సూటిగా అర్థమవుతుంది. ఈ ఆటలో దెబ్బ ఆపగలగడం కూడా నైపుణ్యమే, పిల్లల విభాగాల్లో ముఖానికి తగిలితే రిఫరీలు ఇంకా కఠినంగా ఉంటారు. అందుకే క్లాసులో స్పారింగ్‌కు మూడు స్థాయిలు పెట్టుకో: తాకడం మాత్రమే, సగం వేగం, పూర్తి వేగం. ఏ స్థాయిలో ఆడుతున్నారో పిల్లల చేత గట్టిగా చెప్పించాకే హజిమే (మొదలుపెట్టు) అను. మౌత్ గార్డ్, గ్లోవ్స్, షిన్ గార్డ్, చెస్ట్ గార్డ్, మగపిల్లలకు గ్రాయిన్ గార్డ్ లేకుండా పూర్తి వేగం వద్దు. వెనక్కి, పక్కకు పడటం మ్యాట్ మీద నేర్పకుండా కాలు లాగే టెక్నిక్ అసలే వద్దు, సిమెంట్ గచ్చు మీద ఏ పరిస్థితుల్లోనూ వద్దు.

బరువు తగ్గించి కింది కేటగిరీలో ఆడించమని ఎవరో ఒక తండ్రి తప్పకుండా అడుగుతాడు. వద్దు. 2024 పారిస్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల కుస్తీ ఫైనల్ రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగి డిస్‌క్వాలిఫై అయిన సంగతి ఇంటింటికీ తెలుసు. అంతకుముందు ఆమె 53 కిలోల్లో ఆడేది. డాక్టర్లు, డైటీషియన్లు వెంట ఉన్న పెద్ద క్రీడాకారిణికే అలా జరిగింది. 1997 చివర్లో అమెరికాలో దాదాపు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు నీళ్ళు మానేసి, చెమట పట్టించి బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ కుస్తీ రూల్స్ మార్చారు. ఎదిగే పిల్లకు ఆకలి పెట్టి గెలిపించే పతకం మనకొద్దు. మామూలుగా తిన్నప్పుడు ఎంత తూగితే అదే ఆమె కేటగిరీ.

ఆఖరి వారం సాధన పెంచకు, సగానికి తగ్గించు. కొత్త టెక్నిక్ ఏదీ చెప్పకు. పోటీ రోజున ఉదయం ఎనిమిదికి రమ్మంటారు, మన పిల్ల బౌట్ సాయంత్రం నాలుగుకు రావచ్చు. ఈ ఎదురుచూపులోనే సగం మంది ఓడిపోతారు. పొద్దున ఇడ్లీ, మధ్యలో అరటిపండ్లు, మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం, నీళ్ళు. స్టేడియం బయట బిర్యానీ తినిపిస్తున్న తల్లిదండ్రుల్ని ముందే హెచ్చరించు. ఎరుపు, నీలం రెండు రంగుల గార్డులూ బ్యాగులో ఉండాలి, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ కాపీలు నీ దగ్గరుండాలి. బౌట్‌కు పదిహేను నిమిషాల ముందు మళ్ళీ వార్మప్, పొద్దున చేసింది లెక్కలోకి రాదు. పిల్లకు టెన్షన్‌గా ఉందంటే 'భయపడకు' అనకు, ఒక పని చెప్పు: 'మొదటి పది సెకన్లు కదులుతూనే ఉండు, అంతే.' మ్యాట్ పక్కన కోచ్ కుర్చీలో కూర్చున్నాక నువ్వు అరిచే వంద మాటల్లో ఒక్కటీ లోపలికి వెళ్ళదు. క్లాసులో వాడిన రెండు మూడు చిన్న మాటలే వాడు. ఓడిపోయి వచ్చిన పిల్లకు ముందు నీళ్ళివ్వు, ఏడిస్తే ఏడవనివ్వు. తప్పుల చర్చ మరుసటి క్లాసులో. తల్లిదండ్రులు అక్కడికక్కడే తిట్టడం మొదలుపెడితే అడ్డం వెళ్ళు. ఆ మాత్రం అధికారం మాస్టారికి ఉంది.

బెల్టుల గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. మూడు నెలలకో టెస్ట్, ఫీజు కట్టిన వాళ్ళందరికీ కొత్త రంగు అనేది నేర్పడం కాదు, అమ్మకం. టెస్ట్‌కు కూర్చునే ముందు ఆ బెల్ట్‌కు ఏమేం రావాలో గోడ మీద రాసి పెట్టు. రానివాళ్ళను టెస్ట్‌కే పిలవకు, పిలిచి ఫెయిల్ చెయ్యడం కన్నా అది మేలు. రెండేళ్ళలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అని నీ పాంఫ్లెట్ మీద ఎప్పుడూ వేయకు. స్పోర్ట్స్ కోటా గురించి అడిగితే, నోటిఫికేషన్‌లో ఏ ఆట, ఏ సంఘం, ఏ స్థాయి సర్టిఫికెట్ చెల్లుతుందని రాశారో వాళ్ళనే చదవమను, నువ్వు హామీ ఇవ్వకు. కరాటేలో సంఘాలు చాలా ఉన్నాయి, అన్ని సర్టిఫికెట్లకూ ఒకే విలువ లేదు. ఒలింపిక్స్ మాట వస్తే నిజం చెప్పు. కరాటే టోక్యోలో ఉంది, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజిల్స్‌లోనూ లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 హిరోషిమా నుంచి ఉంది.

ఆడపిల్లల విషయంలో కొన్ని పద్ధతులు మొదటి రోజునుంచే పెట్టుకో. స్టాన్స్ (నిలబడే తీరు) దిద్దాలంటే నువ్వే చేసి చూపించు, లేదా సీనియర్ అమ్మాయి చేత దిద్దించు. తాకక తప్పకపోతే అడిగి తాకు, మగపిల్లలకూ ఇదే పద్ధతి. క్లాసు తలుపు తెరిచే ఉండాలి, ఏ తల్లి వచ్చి కూర్చున్నా అభ్యంతరం చెప్పకు. ఒంటరిగా ఒక పిల్లకు స్పెషల్ కోచింగ్ వద్దు, ఫోన్లో పిల్లలతో విడిగా చాటింగ్ వద్దు. ఏ పిల్లైనా తనను ఎవరో లైంగికంగా వేధిస్తున్నారని చెప్తే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం నీ బాధ్యత. స్కూలు పరువు అని నచ్చజెప్పేవాళ్ళు ఉంటారు, వినకు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు క్లాసు గోడ మీద రాసి ఉంచు. సెల్ఫ్ డిఫెన్స్ అని నేర్పేటప్పుడు, రెండు నెలల్లో పెద్ద మనిషిని కొట్టి పడేయగలవని ఏ అమ్మాయికీ చెప్పకు. అది ప్రమాదకరమైన అబద్ధం. గట్టిగా అరవడం, పట్టు విడిపించుకోవడం, జనం ఉన్నవైపు పరిగెత్తడం, 112కు ఫోన్ చెయ్యడం, ఇవి పదే పదే చేయించు. హైదరాబాద్ చుట్టుపక్కల అయితే షీ టీమ్స్ వాళ్ళను ఒక రోజు స్కూలుకు పిలవమని ప్రిన్సిపాల్ గారిని అడగవచ్చు.

చివరగా నీ సొంత పోటీల సంగతి. ఆపేయకు. నీకు ఇంకా వయసుంది, పోటీలో నిలబడి నేర్చుకున్నది పిల్లలకు పనికొస్తుంది. కాకపోతే వారంలో రెండు రోజులు నువ్వు మాస్టారివి కాకుండా వేరే డోజోలో శిష్యుడిగా నిలబడాలి, లేకపోతే నేర్పుతూ నేర్పుతూ నీ కాళ్ళు నెమ్మదిస్తాయి, అది నీకే తెలియదు. ఇంకో సంగతి, నీ పిల్లల బౌట్లు ఉన్న టోర్నమెంట్‌లో నువ్వు ఆడకు. మూడో మ్యాట్ మీద నీ పేరు పిలుస్తున్నప్పుడు ఒకటో మ్యాట్ దగ్గర ఐదో తరగతి పిల్ల, కోచ్ కుర్చీలో మాస్టారు లేకుండా, ఒక్కతే నిలబడటం సరికాదు. జిల్లా టోర్నమెంట్‌కు ఈసారి కోచ్‌గా వెళ్ళు, నీ కోసం వచ్చే ఓపెన్ టోర్నమెంట్ తేదీ చూసుకో.